చంపా గారి గొంతులు

మా అత్తగారికి ఎన్ని గొంతులున్నాయో, ఆవిడతో జీవితమంతా కాపురం చేసిన మా మామగారికే లెక్క తెలియదు. ఆవిడ పేరు చంపా. మన సంపెంగే, థాయ్‌లాండ్ వెళ్ళి అలా అయింది. ఆ దేశపు ఈశాన్యంలో, ఖోన్‌కేన్ చుట్టుపక్కల పల్లెల్లో, ఒకప్పుడు ఆ పేరు మైకులో వినపడితే చాలు, జనం చాపలు చంకన పెట్టుకుని పొలాలకు బయలుదేరేవారట. కోతలైపోయిన వరిపొలంలో వెదురు గడలకు తెల్లటి తెర కట్టి, విదేశాల సినిమాలు ఆడేవారు. హిందీవి, హాంకాంగ్‌వి, అమెరికావాళ్ళవి. వాటిలో థాయ్ మాటలు ఉండేవి కావు. ప్రొజెక్టరు పక్కన మైకు పట్టుకుని కూర్చున్న మనిషే తెరమీద పెదవులు కదిలినప్పుడల్లా మాటలు అల్లి చెప్పాలి. హీరోయిన్, విలన్, ముసలి తల్లి, గుర్రం, అన్నీ ఒక్కరే. ఆ ఒక్కరు మా అత్తగారు. ప్రొజెక్టరు తిప్పేది మా మామగారు బున్‌లెర్ట్.

నాది భీమడోలు. పేరు కృపానందం. ధ్వనిశాస్త్రం చదువుకుని ఉద్యోగానికని ఖోన్‌కేన్ వెళ్ళి, అక్కడి ఆసుపత్రి పరిశోధనశాలలో మెదడు డాక్టరుగా పనిచేస్తున్న చంపా గారి కూతురు మాలీని పెళ్ళి చేసుకున్నాను. నన్ను మొదటిసారి చూసినప్పుడు అత్తగారు నమస్కారం పెట్టి, హిందీ సినిమాల్లో జమీందారు తండ్రి గొంతుతో, మా అమ్మాయికి వంట రాదు, ఆ సంగతి తెలిసే వచ్చావా అని అడిగింది. నేను బిక్కచచ్చిపోయాను. మామగారు నవ్వు ఆపుకోలేక ఉక్కిరిబిక్కిరయ్యారు. నా పేరు పలకడం కష్టమని చివరి అక్షరాలు మాత్రం ఉంచి 'నన్' అని పిలవడం మొదలుపెట్టింది కూడా ఆ రోజే. పిల్లలున్న ఇళ్ళలో అక్కడ భార్యాభర్తలు కూడా ఒకరినొకరు 'మే', 'ఫో' అనే పిలుచుకుంటారు, అంటే అమ్మ, నాన్న అని. ఆవిడ ఊరందరికీ మే.

పొలాల్లో సినిమాలు ఎప్పుడో పోయాయి. గొంతులు మాత్రం ఇంట్లో ఉండిపోయాయి. కూతుర్ని బడికి లేపేటప్పుడు అమెరికా సినిమా షెరీఫ్ గొంతు. బజారులో చేపలు బేరమాడేటప్పుడు చైనా మహారాణి గొంతు. మామగారిని తిట్టడానికి హాంకాంగ్ సినిమాలో గయ్యాళి అత్త గొంతు ప్రత్యేకంగా కేటాయించింది. అది ఇంకెవరి మీదా వాడేది కాదు. మామగారికి దాని మీద మహా గర్వం. ఆవిడ ఆ గొంతెత్తితే చాలు, పెద్దాయన తప్పు చేసిన కుర్రాడిలా తల వంచుకుని లోపల్లోపల మురిసిపోయేవారు.

అలాంటి మా అత్తగారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది.

చెయ్యి, కాలు నెమ్మదిగా తేరుకున్నాయి. మాట రాలేదు. చెప్పాలనుకున్నది కళ్ళలోకి వచ్చేది, పెదవుల దాకా వచ్చేది, అక్కడే ఆగిపోయేది. ఆ ఆగిపోవడం చూడలేక నేను వంటింట్లోకి వెళ్ళిపోయేవాణ్ణి. మామగారు మాత్రం ఎదురుగా కూర్చుని, కావాలని చొక్కా తిరగేసి తొడుక్కునేవారు, తడికాళ్ళతో చాపమీద నడిచేవారు. తిడుతుందేమోనని.

మాలీ, నేనూ పనిచేసే చోట తయారైన యంత్రం సరిగ్గా ఇలాంటివాళ్ళ కోసమే. దాన్ని మేం 'దారి' అనేవాళ్ళం. రోగి తలకు సన్నటి తీగల వల టోపీ పెట్టి, మామిడిపండు చూపిస్తాం. దాని పేరు చెప్పాలన్న కోరిక మెదడులో ఎక్కడ పుట్టి ఏ మూసుకుపోయిన తలుపు దగ్గర నిలబడిందో యంత్రం పట్టుకుంటుంది. దాన్ని చెయ్యి పట్టుకుని ఇంకో సందులోంచి తీసుకుపోతుంది. కొన్ని వారాలు రోజూ నడిస్తే ఆ సందు గట్టిపడి రహదారి అవుతుంది. గట్టిపడ్డాక ఇక మార్చడం మా వల్ల కాదు. టోపీ తీసేసినా మాట ఉంటుంది.

మొదట్లో ఒక చిక్కు వచ్చింది. రోయెట్ నుంచి వచ్చిన బస్సు కండక్టరు ఒకాయన నోరు విప్పగానే కొరియా సీరియల్‌లో కోటీశ్వరుడి కొడుకులా మాట్లాడాడు. భార్యని కిటికీ దగ్గర నిలబెట్టి, నువ్వు లేని వసంతం నాకెందుకు అన్నాడు. ఆవిడ మొదటిరోజు సిగ్గుపడింది, రెండోరోజు భయపడింది, ఆ మర్నాడు చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయింది. ఇంకో టీచరమ్మ ఏది అడిగినా జపాన్ షాంపూ ప్రకటన తప్ప చెప్పలేదు. ఏళ్ళ తరబడి టీవీల్లో, ఫోన్లలో విన్న పరాయి సరుకు లోపల అంత లోతుగా దిగిపోయిందన్నమాట. మాకు డబ్బిచ్చే ప్రభుత్వ విభాగం వాళ్ళు ఇది చూసి కంగారుపడ్డారు. మన మనుషుల నోట మన మాటే రావాలి అన్నారు.

అందుకని మా పెద్దాయన ఆచాన్ సువిత్ ఒక జల్లెడ పెట్టించారు. ఆచాన్ అంటే మన ఆచార్యుడే. దేశంలోకి వచ్చిన విదేశీ సినిమాలు, సీరియళ్ళు, ప్రకటనల థాయ్ ధ్వనులన్నీ ఒకచోట పోగేశాం. రోగి మెదడులోంచి బయలుదేరిన మాట వాటిలో దేనితోనైనా పోలితే జల్లెడ ఆపేస్తుంది. పోల్చే చెవిని తయారుచేసింది నేనే. అది భేషుగ్గా పనిచేసింది. దారి గట్టిపడకముందే పట్టుకున్నాం కాబట్టి కండక్టరు మామూలు మనిషయ్యాడు, భార్య తిరిగొచ్చింది. ఆచాన్ గారు ఆ రోజు అందరికీ స్వీట్లు పంచారు.

మా అత్తగారికి వల టోపీ పెట్టిన రెండో వారంలో మాట వచ్చింది.

"నీళ్ళు కావాలి. దయచేసి ఇవ్వండి," అంది.

మాలీ గ్లాసు పట్టుకుని ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. అత్తగారు నీళ్ళు తాగి, ధన్యవాదాలు చెప్పి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. టోపీతోనే ఇంటికి తీసుకువచ్చాక కూడా అంతే. భోజనం రుచిగా ఉంది అనేది. మోకాలు నొప్పిగా ఉంది, ఎడమది, అనేది. ఏది అడిగినా సరైన జవాబు, శుభ్రమైన థాయ్‌లో, పాఠం అప్పగించినట్టు. మామగారు తడికాళ్ళతో చాప తొక్కితే, చాప తడిసింది, జారిపడతారు జాగ్రత్త, అంది. ఆయన పాదాలు తుడుచుకుని, క్షమించండి అన్నారు. పెళ్ళానికి క్షమించండి చెప్పాల్సిన గతి ఆయనకు అప్పుడే పట్టింది.

తర్వాత రెండు రోజులు ఆయన ఎక్కువసేపు వాకిట్లో పాత సినిమా వ్యానులోనే కూర్చున్నారు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. చాలాసేపు స్టీరింగు మీది దుమ్ము తుడిచారు.

"నన్, ఆవిడ చాలా మంచావిడయ్యా," అన్నారు. "మర్యాదస్తురాలు. మరి మా ఆవిడేదీ?"

మాలీని అడిగితే విసుక్కుంది. ప్రాణం మీదికొచ్చిన మనిషి నొప్పి ఎక్కడో చెప్పగలుగుతోంది, మందు అడగగలుగుతోంది, ఇంకేం కావాలి మీకు అంది. బౌద్ధుల వానాకాలం వ్రతాలు ముగిసే పున్నమికల్లా దారి గట్టిపడిపోతుందని, ఈలోగా ఎవరూ అల్లరి చేయవద్దనీ హెచ్చరించింది. కానీ ఆ మాటలు చెప్తున్నప్పుడు నా మొహం చూడలేదు. అమ్మ పక్కన కూర్చున్నప్పుడు తను కూడా మీరు, తమరు అని మాట్లాడటం నేను గమనించాను.

మామగారికి ఒక మొక్కు ఉంది. ఆ దేశంలో కోరిక తీరితే దేవతకు సినిమా వేయించడం ఆచారం. మందిరం ముందు తెర కడతారు, దేవత కోసం ముందు వరసలో ఖాళీ కుర్చీలు వేస్తారు. మనుషులెవరూ రాకపోయినా సినిమా పూర్తిగా ఆడాల్సిందే, చూసేది దేవత కాబట్టి. భార్యకు మాట వస్తే నగరదేవతకు సినిమా వేయిస్తానని ఆయన మొక్కుకున్నారు. మాట వచ్చింది. ఆయన నమ్మినా నమ్మకపోయినా మొక్కు మొక్కే. మందిరం ముందు తెర కట్టి, వ్యానులోంచి తన పాత ప్రొజెక్టరు దించి, చీకటిపడుతుండగా ఒక హిందీ సినిమా మొదటి రీలు ఎక్కించారు. ఖాళీ కుర్చీల వెనక మేం నలుగురమే. అత్తగారిని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పాం.

నాకు లోపల ఒక ఆశ. తెర చూడగానే ఆవిడలో ఏదో కదులుతుందని. తెరమీద హీరోయిన్ రైలు స్టేషనులో స్తంభం పట్టుకుని నిలబడి ఉంది.

"ఆ స్త్రీ ఏడుస్తోంది," అంది అత్తగారు. తర్వాత, "రైలు వచ్చింది," అంది.

మామగారు ఆ రెండు మాటలూ విన్నారు. ప్రొజెక్టరు పక్కన మైకు ఉంది, అలవాటు కొద్దీ పెట్టారు. ఆయన జీవితంలో ఎన్నడూ మైకులో మాట్లాడిన మనిషి కాదు, నలుగురిలో గొంతు విప్పడమే ఆయనకు బెరుకు. అలాంటిది మైకు తీసుకున్నారు. అన్నేళ్ళు పక్కన కూర్చుని విన్న మాటలు ఆయనకు కంఠతా వచ్చు. ముసలి గొంతుతో, రైలెక్కుతున్న హీరోతో హీరోయిన్ చెప్పే మాటలు చెప్పడం మొదలుపెట్టారు.

సినిమాలో అసలు ధ్వని సన్నగా వినపడుతూనే ఉంది. నాకు హిందీ వచ్చు. అక్కడ హీరోయిన్ అంటున్నది, ఏడు జన్మలైనా నీకోసం ఎదురుచూస్తాను ప్రియతమా, అని. మామగారు మైకులో చెబుతున్నది ఇది:

"పోతే పో. ఆ గేదెను కట్టేసి పో. అది తాడు తెంపుకుంటే చెరువుదాకా పరిగెత్తేది నువ్వా, నేనా?"

నేను నిటారుగా కూర్చున్నాను. తర్వాతి మాటా అంతే, ఆ తర్వాతదీ అంతే. తెరమీద జమీందారు వంశప్రతిష్ఠ గురించి గర్జిస్తున్నాడు. మామగారి మైకులో అతను బస్టాండు పక్క కొట్లో బాతు నూడుల్స్ ఎందుకు పల్చబడ్డాయని నిలదీస్తున్నాడు. హిందీలో ఉన్నది ఒక్క ముక్క కూడా అందులో లేదు. ఎలా ఉంటుంది? మా అత్తగారికి హిందీ ఒక్క ముక్క రాదు. ఈ సంగతి మాకెప్పుడూ తట్టలేదు. పరాయి మాటల్ని థాయ్‌లోకి మార్చి చెప్పేదని అనుకున్నాం. ఆవిడ మార్చిందేమీ లేదు. బొమ్మ మాత్రం వాళ్ళది. పెళ్ళాన్ని వదిలి పనికోసం బ్యాంకాక్ రైలెక్కే మగవాళ్ళు ప్రతి ఇంటా ఉన్న పల్లెల్లో కూర్చుని, ఆ ఆడవాళ్ళు ఏమంటారో అది అంది. జనం గుండెలు బాదుకుని ఏడ్చింది ఆ గేదె కోసం.

రీలు మారుస్తున్నప్పుడు మామగారి దగ్గరకు వెళ్ళి అడిగాను. గేదె మాట ఎక్కడిదని. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఒక ఏడు పంట పోయినప్పుడు తానూ కూలికి బ్యాంకాక్ వెళ్ళారట. బస్సు దగ్గర చంపా సరిగ్గా అదే మాట అందట. ముందు మీతో అందా, ముందు సినిమాలో అందా అని అడిగాను.

"ఎలా చెప్పను? రెండుచోట్లా ఆవిడేగా," అన్నారు.

అత్తగారి మాటల్లో జల్లెడ ఆపేసినవాటిని యంత్రం ధ్వనిగా దాచి ఉంచుతుంది, మర్నాడు పరిశోధనశాలలో అవన్నీ వరసగా విన్నాను. ఒక్కొక్కటీ మేం పోగేసిన సినిమా ధ్వనుల్లో దేనితో పోలిందో చూశాను. హిందీ సినిమాలు, హాంకాంగ్ సినిమాలు, అమెరికా సినిమాలు, అన్నింటిలోనూ ఒకటే ఆడగొంతు, అత్తగారిది. ఆ రోజుల్లో ఎవరో సినిమా వ్యాపారులు పొలాల్లో ఆవిడ చెప్పినవన్నీ రికార్డు చేసి క్యాసెట్లు వేసి ఈశాన్యమంతా అమ్మారు. చెప్పిన మనిషి పేరు ఎవరూ రాయలేదు, ఆ పనిలో పేరు వేయడం అలవాటు లేదు. అవే మా దగ్గరికి విదేశీ సరుకుగా వచ్చి చేరాయి. నేను తయారుచేసిన చెవి చాలా గొప్పగా పనిచేసింది. ఆవిడని ఆవిడతో పోల్చి, పరాయిదని తేల్చి, పూర్తిగా తీసేసింది.

మాలీకి చెప్పి, అవి వినిపించాను. తను వింటూ వింటూ ఒకచోట నన్ను ఆపమంది. అది షెరీఫ్ గొంతు, గుర్రాలకు నీళ్ళు పెట్టమని అరుస్తోంది. చిన్నప్పుడు తనని బడికి లేపిన మాట అదే. మాలీ టేబుల్ మీద తల పెట్టుకుని నవ్వింది, తర్వాత ఆ నవ్వు ఏడుపైంది. నేను వీపు నిమురుతూ నిలబడ్డాను.

ఆచాన్ సువిత్ చెడ్డవాడేం కాదు. ఓపిగ్గా విన్నారు. జల్లెడ తీసేస్తే ఏమవుతుందో కూడా ఓపిగ్గానే చెప్పారు. అన్ని గొంతులూ ఒక్కసారి తోసుకొస్తాయి. ఏది ఎప్పుడు రావాలో ఎంచుకునే శక్తి పక్షవాతం తీసుకుపోయింది, అది తిరిగి రాదు. నొప్పి అని చెప్పబోయి పాట పాడవచ్చు, మంటలు అనబోయి జోకు వేయవచ్చు. ఆవిడకు ఏం కావాలో మీకు తెలియక ప్రాణం మీదికి రావచ్చు. "కూతురిగా కాదు, డాక్టరుగా ఆలోచించమ్మా," అన్నారు మాలీతో.

ఆవిడనే అడుగుదాం అంది మాలీ. అడిగింది. వల టోపీ కింద అత్తగారు శ్రద్ధగా విని, వైద్యులు ఏది మంచిదంటే అదే చేయండి అంది. మాలీ నావైపు చూసింది. ఆ జవాబు ఎవరిది? జల్లెడదా, అమ్మదా? మే బతుకులో ఎప్పుడైనా ఎవరైనా ఏదైనా చెబితే సరేనందా? పున్నమి నాలుగు రోజుల్లోకి వచ్చేసింది. మాలీ మూడు రోజులు నాతో కూడా సరిగ్గా మాట్లాడలేదు. చివరి రోజు పొద్దున అమ్మ జుట్టు దువ్వుతూ దువ్వుతూ, జల్లెడ తీసెయ్ నన్ అంది.

తీసేశాను.

అత్తగారు ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తర్వాత మహారాణి, షెరీఫ్, బౌద్ధ సన్యాసి, పళ్ళపొడి ప్రకటన, గుర్రం, ఒకరి మీద ఒకరు పడ్డారు. మాలీ భయంతో నా చెయ్యి పట్టుకుంది. అత్తగారు ఊపిరాడక ఆగి, గదంతా చూసి, గుమ్మంలో నిలబడ్డ మామగారి దగ్గర చూపు ఆపింది. గయ్యాళి అత్త లేచింది. చొక్కా తిరగేసి తొడుక్కుని ఆసుపత్రికి వచ్చిన మొగుణ్ణి ఈ భూమ్మీద నేను తప్ప ఎవరు భరిస్తారు అని మొదలుపెట్టి, ఆయన పుట్టుక దగ్గర నుంచి ఎత్తుకుంది. మామగారు గోడకు ఆనుకుని, కళ్ళ నీళ్ళు కారుతుండగా, తల వంచుకుని నిలబడి మొత్తం విన్నారు. అంత ఆనందం నేను ఇంకే మనిషి మొహంలోనూ చూడలేదు.

పున్నమి దాటింది. దారి గట్టిపడింది.

ఆచాన్ గారు చెప్పినవన్నీ నిజమయ్యాయి. మేం ఆవిడ భాష నేర్చుకోవాల్సి వచ్చింది. మహారాణి వస్తే ఆకలి. సన్యాసి ప్రవచనం మొదలుపెడితే బాత్రూముకు తీసుకెళ్ళాలి. పళ్ళపొడి ప్రకటన వస్తే టీవీ కట్టేయాలి. మామగారు అందరికన్నా ముందు నేర్చుకున్నారు, మాకు పాఠాలు కూడా చెప్పారు. ఇల్లు మళ్ళీ సందడిగా అయింది. రోయెట్ కండక్టరు భార్యను తీసుకుని చూడటానికి వచ్చాడు. ఆవిడ మా అత్తగారిని చూసి, మా ఆయన వసంతం మాట ఒక్కటైనా ఉంచాల్సింది అని నా చెవిలో అంది.

చలికాలం మొదట్లో ఒక మధ్యాహ్నం షెరీఫ్ వచ్చాడు. కొండకు కుడివైపున దొంగ దాక్కున్నాడు, కాల్చండి, అన్నాడు. మేమంతా నవ్వాం. మామగారు వేలితో తుపాకీ పెట్టి కాల్చారు కూడా. సాయంత్రం షెరీఫ్ అదే మాట మళ్ళీ అన్నాడు, ఈసారి గొంతు నీరసంగా. మాలీ నుదుటి మీద చెయ్యి వేసి చూస్తే కాలిపోతోంది. పొట్ట కుడివైపు ముట్టుకోనివ్వలేదు. పిత్తాశయానికి చీము పట్టింది. ఆపరేషను గదిలోకి తీసుకువెళ్ళేటప్పుడు ఆవిడకు స్పృహ లేదు. మధ్యాహ్నమే తెచ్చి ఉంటే ఇంత ప్రమాదం ఉండేది కాదని అక్కడి డాక్టరు అన్నాడు. కాలుస్తున్నట్టు పెట్టిన ఆ వేలిని మామగారు రెండో చేత్తో పట్టుకుని, వరండాలో కింద కూర్చుండిపోయారు.

ఆవిడ కళ్ళు తెరవడానికి రెండు రోజులు పట్టింది. మమ్మల్ని లోపలికి పంపారు. మామగారు మంచం పక్కన నిలబడి, ఆవిడ చెయ్యి పట్టుకోవడానికి కూడా భయపడ్డారు. ఇంతకాలం లోపల నలిగింది బయటపెట్టారు.

"తప్పంతా నాదే మే. నాకు నువ్వు కావాలని పట్టుబట్టాను. ఆ శుభ్రమైన గొంతే ఉంచి ఉంటే, కుడివైపు నొప్పి అని మొదటిసారే చెప్పి ఉండేదానివి."

అత్తగారు ఆయన్ని చూసింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. మేం ఎవరు వస్తారో అని చూస్తున్నాం. సన్నగా, బొంగురుగా, ఆయనకు మాత్రమే కేటాయించిన ఆ గయ్యాళి అత్త గొంతు వచ్చింది.

"ఆవిడ చెప్పేది, ఆవిడ హాయిగా బతికేది. నీకెవరుండేవారు?"

మాలీ కిటికీ వైపు తిరిగిపోయింది. మామగారు ఈసారి ఆవిడ చెయ్యి పట్టుకుని, సరిగ్గా వినపడలేదు, ఇంకొక్కసారి అనమని బతిమాలారు. రెండో ఆటకు టిక్కెట్టు వేరే అంది మా అత్తగారు.